వేలికి పెట్టే ఆక్సీమీటర్: పాతదీ కొత్తదీ వాడాక నా రివ్యూ

మా ఇంట్లో ఇప్పుడు నెత్తురులో ఆక్సిజన్ శాతం చూపించే పల్స్ ఆక్సీమీటర్లు రెండున్నాయి. ఒకటి 2021 ఏప్రిల్‌లో, కరోనా సెకండ్ వేవ్ మంచి ఊపు మీద ఉన్నప్పుడు, తెనాలిలో ఒక మెడికల్ షాపులో 2,200 పోసి కొన్నది. రెండోది మొన్న సంక్రాంతి ముందు ఆన్‌లైన్‌లో 1,150కి తెప్పించింది. రెండూ చైనా సరుకే, డబ్బా మీద మాత్రం మన కంపెనీల పేర్లున్నాయి. ఆ పేర్లు రాయను. అదే మిషన్ ఇంకో నాలుగు పేర్లతో కూడా దొరుకుతోంది, పేరు చూసి కొనడంలో అర్థం లేదు. ఏం చూసి కొనాలో, కొన్నాక అది చూపించే అంకెను ఎంతవరకు నమ్మాలో రాస్తాను. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరైన టీచర్‌ని. మధ్యలో కాస్త పాఠం తప్పదు.

ముందు ధర సంగతి. ఆ ఏప్రిల్‌లో షాపువాడు డబ్బా మీద ఎమ్మార్పీ కనపడకుండా స్టిక్కర్ అంటించి పెట్టాడు. బిల్లు అడిగితే, "బిల్లంటే సరుకు లేదమ్మా, పొద్దున్నుంచి ఇరవై మంది అడిగారు" అన్నాడు. మారుమాట్లాడకుండా కొన్నాను, ఇంట్లో జ్వరం మనిషి ఉన్నాడు మరి. కేంద్రంలో మందుల ధరలు చూసే ఎన్‌పీపీఏ వాళ్లు ఆక్సీమీటర్లు, గ్లూకోమీటర్లు, బీపీ మిషన్లు, నెబ్యులైజర్లు, డిజిటల్ థర్మామీటర్ల మీద అమ్మకందారుల లాభం 70 శాతం మించకూడదని కట్టడి పెట్టారు. అది 2021 జూలైలో. అప్పటికి సెకండ్ వేవూ దిగిపోయింది, మా డబ్బులూ పోయాయి.

ఇక మిషన్ లోపల ఏముంది? పై రెప్పలో రెండు చిన్న ఎల్‌ఈడీలు. ఒకటి ఎర్ర కాంతి ఇస్తుంది, 660 నానోమీటర్లు. రెండోది కంటికి కనపడని పరారుణ కాంతి, 940 నానోమీటర్లు. కింది రెప్పలో, వేలు దాటి వచ్చిన కాంతిని కొలిచే సెన్సర్. ఆక్సిజన్ మోస్తున్న హిమోగ్లోబిన్ పరారుణాన్ని ఎక్కువ మింగి ఎరుపును వదిలేస్తుంది. ఆక్సిజన్ దింపేసిన హిమోగ్లోబిన్ దానికి రివర్సు. రెండు కాంతుల నిష్పత్తి చూసి శాతం లెక్క కడతారు. ఇంతవరకు టెన్త్ క్లాసు పిల్లలకైనా అర్థమవుతుంది. కానీ చర్మం, ఎముక, గోరు, సిరల్లో నెత్తురు కూడా కాంతిని మింగుతాయి కదా, వాటిని ఎలా తీసేయాలి? జపాన్‌లో నిహాన్ కోహ్డెన్ కంపెనీ ఇంజనీరు తకువో అయోయాగి 1970లలో పట్టుకున్న కిటుకు అక్కడే ఉంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా పొంగి తగ్గేది ధమనుల్లో నెత్తురే, మిగతావి కదలకుండా ఉంటాయి. కాబట్టి కొట్టుకునే భాగాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే సరిపోతుంది. పేరులో 'పల్స్' అని ఉన్నది అందుకే. ఆయన 2020 ఏప్రిల్‌లో, 84 ఏళ్ల వయసులో పోయారు. అప్పుడే ఈ మిషన్ కోసం ప్రపంచమంతా మెడికల్ షాపుల ముందు క్యూ కడుతోంది.

కరోనాకి దీని అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే వైరస్ దారి తెలియాలి. అది ముందు దిగేది ముక్కులో. దాని ఒంటి మీది స్పైక్ ప్రోటీన్, మన కణాల మీద ఉండే ఏసీఈ2 అనే ప్రోటీన్‌ని పట్టుకుంటుంది. టీఎంపీఆర్ఎస్ఎస్2 అని మన ఎంజైమే ఒకటి ఆ స్పైక్‌ని కోసి లోపలికి దారి చేసి పెడుతుంది. ఇంటి మనిషే గడియ తీసినట్టన్న మాట. లోపలికి పోయాక తన ఆర్ఎన్ఏని దించి, మన కణంలోని సరంజామాతోనే నకళ్లు తీయించుకుంటుంది. చాలామందికి ఈ గొడవంతా ముక్కు, గొంతు దగ్గరే ముగుస్తుంది. వాసన పోవడం కూడా ఎక్కువగా ముక్కులో వాసన నాడులకు ఆసరాగా ఉండే కణాలు దెబ్బతినడం వల్లే.

కొందరిలో మాత్రం అది ఊపిరితిత్తుల్లో గాలిగదుల దాకా దిగుతుంది. ఆ గదులు ముడుచుకుపోకుండా లోపల సర్ఫాక్టెంట్ అని ఒక పలుచని పూత ఉంటుంది. దాన్ని తయారుచేసే కణాల మీద కూడా ఏసీఈ2 ఉంది. వైరస్ వాటిని చెడగొట్టేసరికి సుమారు వారం గడుస్తుంది. ఇక అక్కడి నుంచి వైరస్ కంటే, దాని మీదికి యుద్ధానికి వచ్చిన మన రోగనిరోధక వ్యవస్థే ఎక్కువ నష్టం చేస్తుంది. గాలిగదుల గోడలు వాస్తాయి, నీరు చేరుతుంది, సన్న రక్తనాళాల్లో గడ్డలు కడతాయి. గాలి లోపలికి వస్తూనే ఉంటుంది, ఆక్సిజన్ మాత్రం నెత్తురులోకి ఎక్కదు.

అలాంటప్పుడు మనిషికి ఆయాసం రావాలి కదా? చాలామందికి రాలేదు. మనకి ఊపిరాడని బాధ తెప్పించేది ముఖ్యంగా ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరగడం. వాచిన ఊపిరితిత్తుల్లోంచి కూడా అది సులువుగానే బయటికి పోతుంది. అందుకే ఆక్సిజన్ ఎనభైల్లో ఉన్నవాళ్లు కూడా ఫోన్లో మాట్లాడుకుంటూ కూర్చోవడం 2020లో డాక్టర్లు చూశారు, హ్యాపీ హైపాక్సియా అని పేరు పెట్టారు. పైగా 100 నుంచి 90 దాకా మెల్లగా దిగే శాతం, 90 దాటాక నిట్టనిలువునా పడుతుంది. మనిషి ముఖం చూసి చెప్పలేని ఆ సంగతిని వేలు చూసి చెప్పడమే ఈ మిషన్ పని. మీకు కరోనా ఉందా లేదా అన్నది దీనికి తెలియదు, దాన్ని అడగకండి.

మావారి విషయంలో అది చెప్పింది. మొదటి వారమంతా 97, 98. జ్వరం తగ్గింది, హమ్మయ్య అనుకున్నాం. అప్పుడు మొదలైంది జారడం. పొద్దున 96, పదింటికి 95, భోజనాలయ్యాక 94. మనిషిని చూస్తే శుభ్రంగా దిండుకి ఆనుకుని పేపరు చదువుకుంటున్నారు. నా దగ్గర చదువుకున్న అబ్బాయి గుంటూరులో ఊపిరితిత్తుల డాక్టరు, అతనికి ఫోన్ చేశాను. "టీచర్, ఒక్క అంకె చెప్తే చాలదు. సార్‌ని ఇంట్లోనే ఆరు నిమిషాలు నడిపించి మళ్లీ పెట్టండి. మూడు పాయింట్లు మించి పడినా, 93 కిందకి పోయినా వెంటనే చెప్పండి" అన్నాడు. సోఫాకీ టీవీ స్టాండుకీ మధ్య నడిపించాను. "ఏంటే ఈ కవాతు, నాకేమైందని" అని విసుక్కున్నారు. నడక అయ్యాక మిషన్ పెడితే 91.

బెడ్ దొరికేలోపు బోర్లా పడుకోబెట్టమన్నాడు. మెడ కింద ఒక దిండు, ఛాతీ నుంచి తొడల దాకా ఒకటో రెండో, ముంగాళ్ల కింద రెండు. వెల్లకిలా పడుకున్నప్పుడు నలిగిపోయే వీపు వైపు ఊపిరితిత్తులు అప్పుడు తెరుచుకుంటాయట. కాసేపటికి 94 చూపించింది. మిషన్ కొన్న డబ్బులు నాకు ఆ సాయంత్రమే గిట్టాయి. 104కి కొట్టిన ఫోన్లు, తెలిసినవాళ్ల ద్వారా పడ్డ పాట్లు ఇక్కడ వద్దు. గుంటూరులో బెడ్ దొరికింది. ఆక్సిజన్, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, నెత్తురు గడ్డకట్టకుండా ఇంజెక్షన్లు. వైద్యమంటే ముఖ్యంగా ఈ మూడే. తన కాళ్ల మీద తాను నడిచి ఇంటికొచ్చారు.

ఈ డెక్సామెథసోన్ దగ్గర కాస్త ఆగాలి, నేనీ రివ్యూ రాయడానికి అసలు కారణం అదే. చాలా పాత మందు, చాలా చవక. దాన్ని కరోనా మీద పరీక్షించిన ఆక్స్‌ఫర్డ్ వాళ్ల రికవరీ ట్రయల్ ఫలితం 2020 జూన్ 16న బయటికొచ్చింది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో చావులు మూడో వంతు తగ్గాయి, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో ఐదో వంతు. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లలో లాభం ఏమీ కనపడలేదు. ఎందుకంటే స్టెరాయిడ్ చేసేది వైరస్‌ని చంపడం కాదు, మన రోగనిరోధక వ్యవస్థ దూకుడుకి కళ్లెం వేయడం. రెండో వారంలో ఊపిరితిత్తులు వాచినప్పుడు ఆ కళ్లెం ప్రాణం కాపాడుతుంది. మొదటి వారంలో, వైరస్ ఇంకా పెరుగుతున్నప్పుడు అదే కళ్లెం వేస్తే మన సైన్యాన్ని మనమే కట్టేసినట్టు. మందు ఒక్కటే. మేలా కీడా అన్నది తేల్చేది వేలి మీది అంకె.

మా ఎదురింటి బాబాయిగారి సంగతి చూడండి. ఆయనకి 98 ఉంది. నేనే వెళ్లి గుమ్మం బయట నిలబడి, కుర్చీలో మిషన్ పెట్టి, పెట్టించి చూశాను. జ్వరం వచ్చిన రెండో రోజే, ఎవరో వాట్సాప్‌లో పంపిన చీటీ చూసి షాపువాడు స్టెరాయిడ్ మాత్రలు కవర్లో వేసి ఇచ్చాడు. ఆయన షుగర్ మనిషి. వారం తిరిగేసరికి షుగర్ 400 దాటింది. అవే రోజుల్లో బ్లాక్ ఫంగస్ కేసులు, దానికి వాడే ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం పరుగులు. అదుపు తప్పిన షుగర్, అవసరం లేని స్టెరాయిడ్, ఈ రెండూ కలిసినచోటే ఆ ఫంగస్ ఎక్కువగా దిగింది. పిన్నిగారు ఆ నెలంతా టెన్షన్‌తో రోజూ అద్దం పట్టుకుని ఆయన ముక్కూ కళ్లూ చూసేవారు. ఏమీ కాలేదు, అదృష్టం.

మిగతా మందుల హడావిడి కూడా ఇదే లెక్కలో చూస్తే తేలిపోతుంది. రెమ్డెసివిర్ పని, వైరస్ నకళ్లు తీసే ఎంజైమ్‌కి అడ్డుపడడం. అంటే అది మొదటి రోజుల మందు. హైదరాబాద్ హెటిరో వాళ్లు 2020 జూన్‌లో వయల్ 5,400కి తెచ్చారు. ఆసుపత్రుల్లో చేరినవాళ్లలో చావులు పెద్దగా తగ్గించలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సాలిడారిటీ ట్రయల్ ఆ అక్టోబరులోనే చెప్పింది. అయినా 2021 ఏప్రిల్‌లో, ఆక్సిజన్ పడిపోయాక, బ్లాకులో నగలు తాకట్టు పెట్టి మరీ కొన్నారు. అదే మందుని ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లకి మొదట్లోనే ఇస్తే ఆసుపత్రి పాలవడం బాగా తగ్గిందని తర్వాతి ట్రయల్లో తేలింది. కోలుకున్నవాళ్ల నెత్తురులోంచి తీసే ప్లాస్మా కోసం దాతల వేట కూడా అంతే, 2021 మేలో కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ దాన్ని తన మార్గదర్శకాల్లోంచి తీసేసింది. హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మందు ఊసూ మెల్లగా పోయింది. డీఆర్‌డీవో, డాక్టర్ రెడ్డీస్ కలిసి నీళ్లలో కలుపుకుని తాగే 2-డీజీ పొడి తెచ్చారు, దాని పేరూ కొన్నాళ్లు మోగి సద్దుమణిగింది.

ఇక మన ఇళ్లలో వైద్యాలు. కర్పూరం, వాము, లవంగాలు మూట కట్టి వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందని వాట్సాప్‌లో వచ్చింది కదా, మా అత్తగారు మూట కట్టి తెచ్చారు. వద్దనలేదు. మిషన్ పెట్టాను, మావారు వాసన చూశారు, మళ్లీ పెట్టాను. అరగంట ఆగి మళ్లీ చూశాను. అంకె కదల్లేదు. "ముక్కు మాత్రం తేలికైందే" అన్నారు మావారు, తల్లిని సమర్థిస్తూ, అది నిజమే అయ్యుంటుంది. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నానికి, కంట్లో చుక్కలు వేస్తే ఆక్సిజన్ లేస్తుందని జనం ఎలా వెళ్లారో మనకి తెలుసు. ఆ చుక్కలు వేసుకున్నప్పుడు అంకె లేచిందని వీడియోల్లో చూపించినవాళ్లు మర్నాటి అంకె చూపించలేదు. కళ్లు మండి గట్టిగా ఊపిరి పీల్చినా అంకె కాసేపు ఒకటి రెండు లేస్తుంది. ఇంట్లో మీరే పది లోతైన శ్వాసలు తీసి చూడండి.

మిషన్ మీద నా నమ్మకం ఎక్కువే. దాని లోపాలు కూడా చెప్పాలి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పినదాని ప్రకారం మిషన్ 90 చూపిస్తే అసలు అంకె 86 నుంచి 94 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. చర్మం నలుపైన కొద్దీ అది అసలు కంటే ఎక్కువ చూపించే ప్రమాదం ఉంది. 2020 డిసెంబరులో మిషిగన్ యూనివర్సిటీ డాక్టర్లు ప్రచురించిన లెక్కల్లో, మిషన్ 92 నుంచి 96 చూపిస్తుండగా నెత్తురు పరీక్షలో 88 కంటే తక్కువ వచ్చినవి తెల్లవారి కొలతల్లో 3.6 శాతం, నల్లవారి కొలతల్లో 11.7 శాతం. మనలో చామనఛాయకి అటున్నవాళ్లే ఎక్కువ. కాబట్టి 94 చూసి "ఇంకా ఉందిలే" అనుకోవడం కంటే, నిన్నటి కంటే ఎంత తగ్గింది అని చూసుకోవడం మంచిది.

నెయిల్ పాలిష్, ముఖ్యంగా నలుపు, నీలం, తీసేసి పెట్టాలి. మామూలు ఎర్ర గోరింటాకుతో పెద్ద ఇబ్బంది లేదు. పెళ్లిళ్లకి పెట్టే నల్ల కోన్ అయితే కొన్నిసార్లు అంకే రాదు, కాలి వేలికి పెట్టుకోవాలి. చల్లటి చేతులకి తప్పుగా చూపిస్తుంది, రుద్ది వేడెక్కించాలి. సిగరెట్టు, చుట్ట తాగేవాళ్ల నెత్తురులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, మిషన్ దాన్ని కూడా ఆక్సిజనే అనుకుంటుంది. ఇంకొకటి ఎవరూ చెప్పరు: రక్తహీనత ఉన్న ఆడవాళ్లకి 99 రావచ్చు. అది ఉన్న హిమోగ్లోబిన్‌లో శాతమే తప్ప, హిమోగ్లోబిన్ ఎంత ఉందో కాదు.

రెండు మిషన్లని పక్కపక్కన పెట్టి చూశాను. పాతదానిలో రెండు అంకెలే, ఆక్సిజన్, నాడి. వేలు పెట్టగానే తడుముకోకుండా 98 అనేస్తుంది, అదే దాని మీద నా మొదటి అనుమానం. పెన్సిల్ పెట్టినా అంకె చూపిస్తోందని అప్పట్లో వీడియోలు తిరిగాయి గుర్తుందా? పాతదానిలో రెనాల్డ్స్ పెన్ను పెట్టాను. కాసేపు ఊరుకుని 97 అంది. నా చేతి వణుక్కి పెన్ను కదులుతూ కాంతి మారుతుంటే దాన్నే నాడి అనుకుంది. అంటే వణికే చేతుల ముసలివాళ్లకి కూడా ఇలాగే ఏదో ఒకటి చెప్తుందన్న మాట. కొత్తదానిలో అదే పెన్ను పెడితే గీతలు తప్ప అంకె ఇవ్వలేదు. దీనికి తెర మీద నాడి అల కనిపిస్తుంది, పక్కన పీఐ అని ఇంకో అంకె ఉంటుంది, వేలికి నెత్తురు ఎంత బాగా అందుతోందో అది. అల ఒకే తీరుగా లేస్తూ, పీఐ మరీ అడుగున లేకపోతేనే ఆక్సిజన్ అంకెని నమ్మాలి. కొనేవాళ్లు చూడాల్సింది ఈ అల ఒక్కటే. బ్లూటూత్, యాప్, రంగుల తెర, ఇవన్నీ డబ్బు దండగ. పాతదాని సెల్స్ మూత ఎప్పుడో విరిగింది, రబ్బరు బ్యాండుతో నడిపిస్తున్నాను. వీధిలో అరడజను ఇళ్లు తిరిగొచ్చిన మిషన్ కదా, పారేయబుద్ధి కాలేదు.

మరి ఇప్పుడు కొనాలా? పడుచువాళ్లున్న ఇంట్లో అక్కర్లేదు. నేను కొత్తది కొన్నది మా అత్తగారి కోసం. యాభై ఏళ్లు కట్టెల పొయ్యి ఊదిన ఊపిరితిత్తులు, డాక్టరు సీఓపీడీ అన్నాడు, గాలి దారులు శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బు. ఆవిడకి 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు, ఆక్సిజన్ పెట్టి అంతకంటే లేపొద్దు అని గట్టిగా చెప్పాడు. 94 కంటే తగ్గితే ప్రమాదమన్న కరోనా నాటి సూత్రం ఆవిడకి వర్తించదు. ఎవరి అంకె వాళ్ల డాక్టర్ని అడిగి తెలుసుకోవాలి.

రేటింగ్: పాతదానికి రెండు స్టార్లు, అవీ 91 దగ్గర నిజం చెప్పినందుకు. కొత్తదానికి నాలుగు. ఒకటి తగ్గించింది అలారం వల్ల. కంపెనీవాళ్లు దాన్ని 94 దగ్గర పెట్టి పంపారు, మా అత్తగారికి పెట్టిన ప్రతిసారీ కీచుమంటుంది, ఆవిడ "నాకేమైందే" అని కంగారుపడతారు. మార్చే పద్ధతి చీమ తలకాయంత అక్షరాల్లో ఇంగ్లీషులో, చైనీసులో ఉంది, తెలుగులో లేదు. నేనే చెప్తాను: వేలు పెట్టి ఉండగా బటన్ నొక్కి పట్టుకుంటే సెట్టింగ్స్ వస్తాయి, అందులో లో లిమిట్ అన్నచోట మీ డాక్టర్ చెప్పిన అంకె పెట్టి, మళ్లీ నొక్కి పట్టుకుని బయటికి రండి. సెల్స్ మారిస్తే మళ్లీ 94కి పోతుంది, చూసుకోండి.